కంతావముస్‌ని ఎక్కడ విరవాలి? పోర్చుగీసు క్రియల్లో సిలబుల్ వేరు, భాగం వేరు

మీ ప్రశ్న ఇదీ: కంతావముస్ (మేము పాడేవాళ్ళం) అనే క్రియను మీ పుస్తకం ఒక పేజీలో కం-తా-వ-ముస్ అని విరిచింది, ఇంకో పేజీలో కంత్+ఆ+వ+ముస్ అని విడదీసింది. ఫలాసెముస్ (మేము మాట్లాడితే) దగ్గర ఇంకా గందరగోళం. ప్రత్యయం 'స్సె' అని చెప్పిన పుస్తకమే, విరిచేటప్పుడు రెండు ఎస్‌ల మధ్య కోసి ఫ-లాస్-సె-ముస్ అంది. ఏది కరెక్టు, పరీక్షలో ఏది రాయాలి అని అడిగారు.

రెండూ కరెక్టే, ఎందుకంటే అవి రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. మొదటిది నోరు ఎక్కడ ఆగుతుందో చెబుతుంది, అంటే సిలబుల్. రెండోది అర్థం ఎక్కడ మారుతుందో చెబుతుంది, అంటే ధాతువు ఎక్కడ ముగిసింది, కాలం ఎక్కడుంది, 'మేము' ఎక్కడుంది అని. పరీక్షలో సిలబుల్స్ విడదీయమంటే మొదటిది, మాట నిర్మాణం చెప్పమంటే రెండోది రాయండి. లైను చివర మాట పట్టకపోతే ఎప్పుడూ మొదటిదే. ఈ రెండూ ఒకే చోట పడితే అది యాదృచ్ఛికమే, అలా పడాలన్న నియమం ఏమీ లేదు.

ఇది నా అభిప్రాయం కాదు, అధికారికంగా రాసి ఉన్న నియమం. పోర్చుగీసు మాట్లాడే దేశాలు 1990 డిసెంబరులో లిస్బన్‌లో సంతకం చేసిన వర్ణక్రమ ఒప్పందంలో ఇరవయ్యో అధ్యాయం మొత్తం దీని గురించే. విరుపు పలికే తీరును బట్టి చేయాలి, మాట ఏ ముక్కలతో పుట్టిందో పట్టించుకోనక్కర్లేదు అని అందులో స్పష్టంగా ఉంది. దానికి వాళ్ళు ఇచ్చిన ఉదాహరణల్లో ఒక క్రియ కూడా ఉంది: దెసపరెసేర్ (మాయమవు). దెస్ అనే ఉపసర్గ, అపరెసేర్ (కనిపించు) అనే క్రియ కలిస్తే పుట్టిన మాట ఇది. మనకు దెస్ తర్వాత కోయాలనిపిస్తుంది. కానీ విరుపు దె-స-ప-రె-సేర్. ఎస్ అక్షరం తన ఉపసర్గను వదిలేసి పక్కనున్న అచ్చుతో కలిసిపోయింది.

ఇక్కడ నేను మాటలన్నీ తెలుగు లిపిలో, ఎక్కువగా బ్రెజిల్ పలుకుబడితో రాస్తున్నాను. ఊనిక, అంటే నొక్కి పలికే చోటు, ఎక్కడ ఉందో అక్కడ దీర్ఘం పెట్టాను. గీత ఉంటే సిలబుల్, కూడిక గుర్తు ఉంటే మాటలోని భాగం. ఇది మనసులో పెట్టుకుని చదవండి.

ముందు మన తెలుగులోనే చూద్దాం, అక్కడే సగం విషయం తేలిపోతుంది. 'పాడాము' తీసుకోండి. అక్షరాలు అడిగితే పా-డా-ము అంటాం. అర్థాన్ని బట్టి అడిగితే పాడ్+ఆ+ము: పాడటం, జరిగిపోయిన కాలం, మేము. రెండో విరుపులో కత్తి 'డా' మధ్యలోంచి వెళ్ళింది, హల్లు ఒకవైపు, దాని గుణింతం ఇంకోవైపు. మన లిపిలో హల్లూ అచ్చూ ఒకే అక్షరంలో ఉంటాయి కాబట్టి ఈ కోత కంటికి కనపడదు. కంతావముస్‌లో జరిగింది కూడా సరిగ్గా ఇదే. 'తా' అనే సిలబుల్‌లో త్ ధాతువుది, ఆ ధాతువు తర్వాత వచ్చే అచ్చుది. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళకు పాడాము, కంతాముస్ పక్కపక్కన రాసి చూపిస్తే పావుగంటలో అర్థమయ్యేది. అంతకుముందు వ్యాకరణం మాటలతో రెండు క్లాసులు చెప్పినా ఎక్కేది కాదు. (అక్కడ ము, ఇక్కడ ముస్ ఉన్నాయని రెండు భాషలకూ చుట్టరికం కలపకండి, అది ఊరికే కలిసిన పోలిక.)

పోర్చుగీసు క్రియలో నాలుగు గదులు ఉంటాయి అనుకోండి. ధాతువు, దాని వెంట వచ్చే అచ్చు, కాలాన్నీ రీతినీ చెప్పే ప్రత్యయం, పురుషనూ వచనాన్నీ చెప్పే ప్రత్యయం. రెండో గదిలోని అచ్చును వాళ్ళు వొగావ్ తెమాచిక అంటారు, క్రియ ఏ గణానిదో చెప్పేది అదే: కంతార్ (పాడు)లో ఆ, కొమేర్ (తిను)లో ఏ, పర్చీర్ (బయల్దేరు)లో ఈ. బ్రెజిల్‌లో ఈ నిర్మాణాన్ని ఒక సూత్రంలా పద్ధతిగా చెప్పినవాడు మతోజు కామర జూనియర్ (1904–1970) అనే భాషావేత్త. ఇప్పటి స్కూలు పుస్తకాలు చెప్పే పద్ధతి చాలా వరకు ఆయన దారిదే.

నాలుగు గదులూ నిండుగా కనపడటం అన్ని రూపాల్లోనూ జరగదు, కంతావముస్ అలాంటి అదృష్టవంతమైన రూపం, అందుకే ప్రతి పుస్తకమూ దాన్నే ఎత్తుకుంటుంది. చాలా చోట్ల ఏదో ఒక గది ఖాళీగా ఉంటుంది. కాంత (ఆమె పాడుతుంది)లో ధాతువు, అచ్చు తప్ప ఏమీ లేవు, మూడూ నాలుగూ శూన్యం. కంతావ (పాడేదాన్ని, పాడేవాడు) అంటే నాలుగోది శూన్యం, అందుకే 'నేను'కీ 'అతను'కీ ఒకే రూపం, కర్త ఎవరో విడిగా చెప్పాల్సి వస్తుంది. కాంతు (నేను పాడతాను)లో రెండో గది మాయమైంది: కంత+ఉ కలిసినప్పుడు చివరి ఉ ముందున్న అచ్చును తినేసింది. మనకిది కొత్త కాదు. పాడు+ఆను కలిసి పాడాను అయినప్పుడు ఉ ఎగిరిపోలేదా? అదే పని. కాబట్టి 'కాంతులో ఆ ఏది' అని కంగారుపడొద్దు.

కొమేర్, పర్చీర్ లాంటి వాటికి 'వ' ప్రత్యయం రాదు. కొ-మీ-అ-ముస్ (మేము తినేవాళ్ళం). దీన్ని కొందరు కొమ్+ఈ+అ+ముస్ అంటారు, అంటే ఏ అనే అచ్చు ఈ గా మారింది, కాలం ప్రత్యయం ఒక్క 'అ' అని. ఇంకొందరు కొమ్+ఈఅ+ముస్ అంటారు, అంటే అచ్చు పడిపోయింది, ప్రత్యయమే 'ఈఅ' అని. మీ పుస్తకం ఏది చెబితే పరీక్షకి అది రాయండి. నాకు రెండోది సులువనిపిస్తుంది, రెండు గణాలకూ ఒకే ప్రత్యయం సరిపోతుంది కదా. ఇందులో గమనించాల్సింది ఒకటే: భాగాల లెక్కలో పండితులకే రెండు మాటలున్నాయి, సిలబుల్ లెక్కలో మాత్రం ఒకటే జవాబు. నాలుగు సిలబుల్స్, అంతే.

ఇప్పుడు సిలబుల్ దగ్గరికి. తెలుగువాళ్ళు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే, దానికి కారణం మన లిపి. గొస్తాముస్ (మాకు ఇష్టం) అనే మాటను తెలుగులో రాసి విరవమంటే ఎవరైనా గొ-స్తా-ముస్ అనే అంటారు, ఎందుకంటే స్తా మనకు ఒకే అక్షరం. పోర్చుగీసు విరుపు గొస్-తా-ముస్. ఎస్ ముందు సిలబుల్‌ను మూసేస్తుంది. ఈ అలవాటు పోగొట్టడానికి నాకు దొరికిన మంచి సాధనం మన ఛందస్సే. స్కూల్లో గురువు, లఘువు గుర్తించడం నేర్పించారు కదా, సంయుక్తాక్షరం ముందున్న అక్షరం గురువు అని. ఎందుకు గురువు? ఆ సంయుక్తాక్షరంలోని మొదటి హల్లు వెనక్కి వచ్చి దాని మీద ఊనుతుంది కాబట్టి. 'గొస్తా'లో గొ గురువు, అంటే చెవికి అది గొస్. అక్షరాల లెక్క వదిలేసి గణాల లెక్క చేసే చెవితో వినండి, పోర్చుగీసు విరుపు చాలావరకు దానంతట అదే వస్తుంది.

దీనికి ఒక మినహాయింపు ఉంది, అది చాలా క్రియలకు తగులుతుంది. రెండు హల్లుల్లో రెండోది ఆర్ గానీ ఎల్ గానీ అయి, మొదటిది ప, బ, త, ద, క, గ, ఫ లాంటిదైతే ఆ జంట విడిపోదు. అ-బ్రీ-ముస్ (మేము తెరుస్తాం), లెం-బ్రార్ (గుర్తుంచుకో), ఎం-త్రా-ముస్ (లోపలికి వెళ్తాం). ఇక్కడ మన అక్షరాల అలవాటే సరైన జవాబు ఇస్తుంది. మినహాయింపుకు మళ్ళీ ఒక మినహాయింపు: సుబ్-లి-ఞార్ (కింద గీత గీయి). సుబ్ ఉపసర్గలోని బి, ఎల్‌తో కలవకుండా విడిగా పలుకుతుంది కాబట్టి సు-బ్లి అనరు. బి, డి లతో ముగిసే కొన్ని ఉపసర్గలకు ఈ వెసులుబాటు ఒప్పందంలోనే ఇచ్చారు.

'సిలబుల్ ఎక్కడ మూసుకుంటే ఏమిటి, లైను విరవడానికి తప్ప ఎందుకు' అని ఒక అబ్బాయి అడిగాడు ఒకసారి. మంచి ప్రశ్న. జవాబు ఏమిటంటే ఉచ్చారణ మొత్తం దాని మీదే నడుస్తుంది. ఫాలు (నేను మాట్లాడతాను)లో ఎల్ తర్వాతి అచ్చుతో కలిసింది, అందుకే ల అనే పలుకుతారు. వొల్తార్ (తిరిగి రా)లో ఎల్ సిలబుల్ చివర ఉంది, బ్రెజిల్‌లో అది వ్ లాగా అయిపోతుంది: వొవ్-తార్. ఇంకా బాగా తెలిసేది ఆర్ దగ్గర. పోర్చుగీసులో ఒక వింత ఉంది, అసమాపక రూపానికి కూడా పురుష ప్రత్యయాలు చేరుతాయి: 'మనం పాడటం', 'నువ్వు పాడటం' అని క్రియలోనే చెప్పేయొచ్చు. కంత్+ఆ+ర్+ముస్ (మనం పాడటం), కంత్+ఆ+ర్+ఇస్ (నువ్వు పాడటం). రెండింట్లోనూ ఆ ర్ ఒకటే ప్రత్యయం, ఒకటే అర్థం. కానీ సిలబుల్స్ చూడండి: కం-తార్-ముస్, కం-తా-రిస్. మొదటిదాంట్లో ర్ వెనక్కి జరిగి తా ను మూసింది, రెండోదాంట్లో ముందుకు జరిగి రిస్‌ను తెరిచింది. రియో వాళ్ళు మొదటి ర్ ని గొంతులోంచి హ్ లా పలుకుతారు, రెండోదాన్ని మన ర లాగే నాలుకతో తడతారు. ఒకే భాగం, స్థానాన్ని బట్టి రెండు ధ్వనులు. భాగాలు మాత్రమే నేర్చుకుని సిలబుల్ వదిలేసినవాళ్ళకు ఇది ఎప్పటికీ అంతుపట్టదు, 'వాళ్ళు ఇష్టమొచ్చినట్టు పలుకుతారు' అనుకుంటారు.

పర్చీర్ అని నేను రాశాను, గమనించారా? రాతలో అక్కడ ఉన్నది త. ఇ ముందు త వస్తే బ్రెజిల్‌లో చాలా చోట్ల చ అవుతుంది. అదే ధాతువు పార్తు (నేను బయల్దేరతాను)లో త గానే ఉంటుంది. ధాతువు మారలేదు, పక్కనున్న అచ్చు మారింది. పోర్చుగల్‌లో ఈ మార్పు ఉండదు. అక్కడ ఇంకో కష్టం, ఊనిక లేని అచ్చుల్ని మింగేస్తారు, చెవికి సిలబుల్స్ తక్కువ వినపడతాయి. రాతలో విరుపు మాత్రం రెండు దేశాల్లో ఒకే నియమం ప్రకారం జరుగుతుంది.

మీరు అడగలేదు గానీ రెండు అచ్చులు పక్కపక్కన వచ్చే క్రియల గురించి చెప్పకపోతే జవాబు సగమే అవుతుంది. తెలుగుకి రెండు అచ్చులు ఆనుకుని ఉండటం పడదు. మా+అమ్మ మాయమ్మ అవుతుంది, మధ్యలో య వచ్చి కూర్చుంటుంది. ఈ యడాగమం మన నాలుకలో ఎంత పాతుకుపోయిందంటే పోర్చుగీసు చదివేటప్పుడు కూడా తెలియకుండా వచ్చేస్తుంది. స-ఈర్ (బయటికి వెళ్ళు) అనే క్రియ చూడండి. సాయ్ అంటే 'బయటికి వెళ్తాడు', ఒకే సిలబుల్. స-ఈ అంటే 'నేను బయటికి వెళ్ళాను', రెండు సిలబుల్స్. సాయ్-అ అంటే 'వెళ్ళాలని', రెండు. దానికి లంగా అని కూడా అర్థం. స-ఈ-అ అంటే 'వెళ్ళేవాడు', మూడు. రాతలో వీటి మధ్య తేడా ఐ అక్షరం నెత్తిన పెట్టే ఒక చిన్న వాలుగీత మాత్రమే. మనవాళ్ళు నాలుగింటినీ సాయి, సాయ అనేస్తారు, ఎదుటివాడికి కాలం అర్థం కాదు. ఐ మీద గీత కనిపిస్తే అక్కడ ఆగి కొత్త సిలబుల్ మొదలుపెట్టండి, మధ్యలో య రానివ్వకండి. గీత ఉన్నదే అందుకు: ముందున్న అచ్చుతో కలిసిపోకుండా ఆ ఐ తన సిలబుల్‌లో ఒంటరిగానో ఎస్‌తోనో నిలబడి, ఊనిక కూడా దాని మీదే ఉంటే గీత పెడతారు. స-ఈర్‌లో ఆర్ కలిసింది కాబట్టి గీత లేదు. క-ఈన్-దు (పడుతూ)లో ఎన్ కలిసింది, అక్కడా లేదు. స-ఈవ్ (వెళ్ళాడు)లో ఐ తర్వాతి యు తో కలిసి ఒకే సిలబుల్ అయింది, అందుకే గీత అక్కర్లేదు.

లే-ఎం (చదువుతారు), వే-ఎం (చూస్తారు), పెర్-దో-ఉ (క్షమిస్తాను) కూడా ఇలాంటివే, ఒకే అచ్చు రెండుసార్లు రాసి రెండు సిలబుల్స్‌గా లెక్కపెట్టాలి. పాత పుస్తకాల్లో వీటి మీద టోపీ గుర్తు కనిపిస్తుంది, 1990 ఒప్పందం దాన్ని తీసేసింది. బ్రెజిల్‌లో కొత్త రాత 2009 జనవరి 1 నుంచి మొదలై 2016 నుంచి తప్పనిసరి అయింది, అంతకు ముందు అచ్చయిన నిఘంటువు చేతిలో ఉంటే ఈ తేడా గుర్తుంచుకోండి.

ఊనిక గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే సిలబుల్‌కీ భాగానికీ మధ్య వంతెన అదే. ఊనిక పడేది సిలబుల్ మీద. కానీ ఏ సిలబుల్ మీద పడాలో నిర్ణయించేవి భాగాలు. కాంతు, కాంతస్, కాంత, కాంతఁవ్: ఊనిక ధాతువు మీద. కంతాముస్: ఊనిక ధాతువు దాటి అచ్చు మీదికి వెళ్ళింది. దీని వల్లే కొన్ని క్రియల్లో ధాతువు రూపం మారుతుంది. పసెఆర్ (షికారు వెళ్ళు) చూడండి: పస్-సేయ్-ఉ (వెళ్తాను), కానీ పస్-సె-ఆ-ముస్ (వెళ్తాం); రాతలో ఇక్కడ రెండు ఎస్‌లు ఉన్నాయి. ఊనిక ధాతువు మీద పడినప్పుడు ఎ సాగి ఎయ్ అవుతుంది, పడనప్పుడు మామూలు ఎ గానే ఉంటుంది. ఒజిఆర్ (ద్వేషించు)కి కూడా ఇంచుమించు ఇదే, ఇక్కడ ఇ ఎయ్ అవుతుంది: ఒ-దేయ్-ఉ, ఒ-జి-ఆ-ముస్ (ఇ ముందు త చ అయినట్టే ద జ అవుతుంది). వీటిని అపవాదాలుగా బట్టీ పట్టిస్తుంటే నాకు బాధగా ఉంటుంది, ఊనిక ఎటు జరిగిందో చూస్తే చాలు కదా.

ఊనిక తప్పితే కాలమే తప్పుతుంది. కం-తా-రఁవ్ అంటే వాళ్ళు పాడారు, కం-త-రాఁవ్ అంటే వాళ్ళు పాడతారు. చివర ధ్వని ఒకటే, తేడా ఊనికలో మాత్రమే. ఫోనులో మాట్లాడే ఉద్యోగం అయితే ఈ జంటను రోజూ ఇరవైసార్లు గట్టిగా పలకండి. 'డబ్బు కట్టారు', 'డబ్బు కడతారు' అన్న చోట ఇది తారుమారైతే ఎంత టెన్షనో ఊహించుకోండి.

పోర్చుగీసు రాతలో కంతావముస్, ఫలాసెముస్, కొమీఅముస్‌లలో ఊనిక ఉన్న అచ్చు మీద ఆ వాలుగీత ఎందుకుందో కూడా ఇక్కడే తేలుతుంది. ఊనిక చివరి నుంచి మూడో సిలబుల్ మీద ఉంటే ఆ మాటకు గీత తప్పనిసరి, ఒక్కదానికీ మినహాయింపు లేదు. కాబట్టి సిలబుల్స్ లెక్కపెట్టడం రాకపోతే గీత పెట్టడం రాదు. అలాగే కంతార్ తర్వాత 'దాన్ని' అనే సర్వనామం చేరితే ర్ పడిపోయి కంతా-లు అవుతుంది, ఇప్పుడు క్రియ 'ఆ'తో ముగిసి ఊనిక చివర ఉంది కాబట్టి ఆ అచ్చు మీద వాలుగీత వచ్చింది. పర్చీర్‌కి చేరితే పర్చీ-లు, ఇక్కడ ఈ తో ముగిసింది, దాని మీద రాతలో వాలుగీత అక్కర్లేదు. ఒకదానికి పెట్టి ఒకదానికి ఎందుకు పెట్టలేదు అని తల బాదుకోనవసరం లేదు, ఊనిక నియమమే రెండు చోట్లా పనిచేసింది.

భవిష్యత్ రూపం గురించి ఒక్కటి, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. కంతరేయ్ (పాడతాను)ని ఇప్పుడు పుస్తకాలు కంత్+అ+రే+య్ లాగా విడదీస్తాయి. కానీ చరిత్రలో అది రెండు మాటలు: పాడటం అనే అసమాపక రూపం, 'నాకు ఉంది' అనే సహాయక క్రియ. వాడుక లాటిన్‌లో కంతారె హాబెయో, అంటే 'నాకు పాడాల్సి ఉంది'. అది కరిగి కరిగి ప్రత్యయమైంది. మన పాడవలెను కరిగి పాడాలి అయినట్టే. అయితే పోర్చుగీసులో ఆ పాత అతుకు ఇంకా కనపడుతుంది, పోర్చుగల్ రాతభాషలో సర్వనామాన్ని సరిగ్గా ఆ అతుకులో దూరుస్తారు: కంతా-లు-ఏయ్, 'దాన్ని పాడతాను'. క్రియ మధ్యలో సర్వనామం! బ్రెజిల్ వాళ్ళు మాటల్లో ఇలా అనరు, 'పాడబోతున్నాను' అనే తీరులో వో కంతార్ అంటారు. కాబట్టి మీరు ఈ రూపాన్ని వాడనక్కర్లేదు, చదివినప్పుడు గుర్తుపడితే చాలు.

ఇక ఇదంతా పనిలో ఎందుకు కావాలో నాకు ఎదురైన ఒక కేసు చెబుతాను. హైదరాబాద్ చుట్టుపక్కల నుంచి బ్రెజిల్‌కి మందులు వెళ్తాయి, వాటి డబ్బాలో మడతపెట్టి పెట్టే కాగితం పోర్చుగీసులో ఉండాలి. అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ అన్వీసా ఆ కాగితంలో ఏం రాయాలో 2009 నిబంధనల్లో చెప్పింది. అందులో 'మీ డాక్టరుకు తెలియకుండా చికిత్స ఆపవద్దు' అనే వాక్యం వస్తుంది, ఆ 'ఆపవద్దు' దగ్గర ఉండే క్రియ ఇంతెహోంప. రాతలో దాని మధ్యలో రెండు ఆర్‌లు. నేను అప్పట్లో ఒక కంపెనీకి ఈ కాగితాలు సరిచూసేవాణ్ణి. సన్నటి కాలమ్స్, ప్రతి రెండో లైనుకీ ఒక మాట విరిగేది. పేజీ కట్టిన సాఫ్ట్‌వేర్‌లో భాష పొరపాటున స్పానిష్ అని ఉంది. స్పానిష్‌లో రెండు ఆర్‌లను విడదీయరు, కాబట్టి అది రెండింటినీ కలిపి కింది లైనుకి పంపింది. పోర్చుగీసులో అది తప్పు, ఒక ఆర్ పైన, ఒక ఆర్ కింద ఉండాలి: ఇన్-తెర్-రోం-ప. అది నేను పట్టుకున్నాను. కానీ అదే పేజీలో 'లక్షణాలు మాయమైనా' అన్న చోట దెసపరేసఁవ్ అనే రూపాన్ని సాఫ్ట్‌వేర్ దె-స అని సరిగ్గా విరిస్తే, ఉపసర్గ దెస్ కదా అని నా చేత్తో దాన్ని దెస్-అ గా మార్చాను. బ్రెజిల్ నుంచి ప్రూఫ్ వెనక్కి వచ్చింది, నేను మార్చిన చోట ఎర్ర గీతతో. ఇరవయ్యో అధ్యాయం ఆ రోజే చదివాను. చికిత్స గురించి చెప్పే కాగితంలో తప్పు విరుపు ఉంటే చదివే రోగికి నమ్మకం తగ్గుతుంది, అది చిన్న విషయం అని నేను ఎప్పుడూ అనుకోలేదు.

ఆ రెండు మాటలు పక్కపక్కన పెట్టి చూడండి. ఇన్-తెర్-రోం-పలో ఇంతెర్ ఉపసర్గ, సిలబుల్ విరుపు కూడా సరిగ్గా దాని చివరే పడింది. దె-స-ప-రే-సఁవ్‌లో ఉపసర్గ మధ్యలో పడింది. మొదటిదాన్ని చూసి నియమం చేసుకుంటే రెండోదాంట్లో పడిపోతాం, నేను పడిపోయినట్టే.

ఇప్పుడు మీ ఫలాసెముస్‌కి వస్తే జవాబు మీకే తెలిసిపోయి ఉంటుంది. భాగాలుగా ఫల్+ఆ+స్సె+ముస్, రెండు ఎస్‌లూ కలిసి ఒకే ప్రత్యయంలో ఉన్నాయి. నోటితో పలికితే అక్కడ ఒకే స వినిపిస్తుంది, మన అమ్మ, అత్తల్లో లాగా ద్విత్వం ఉండదు. కానీ రాతలో విరిచేటప్పుడు రెండు ఎస్‌లు, రెండు ఆర్‌లు విడిపోవాలి, ఫ-లాస్-సె-ముస్. ఇది పలుకుబడి నియమం కూడా కాదు, కేవలం రాత సంప్రదాయం. దీనికి ఉల్టాగా సి-హెచ్, ఎల్-హెచ్, ఎన్-హెచ్ జంటలు రెండు అక్షరాలైనా విడిపోవు: త్ర-బ-ల్యార్ (పని చేయి)లో ఎల్-హెచ్ రెండూ చివరి సిలబుల్‌లోనే. ఫి-కేయ్ (ఉండిపోయాను)లో క్యూ-యు కూడా అంతే.

లైను చివర విరవడం గురించి ఇంకొక్కటి, కంతా-లు లాంటి రూపం సరిగ్గా మధ్యలోని హైఫన్ దగ్గరే విరిగితే కింది లైను మొదట్లో హైఫన్ మళ్ళీ వేయాలి. ఇది కూడా ఒప్పందంలోనే ఉంది, చాలా సాఫ్ట్‌వేర్లు దానంతట అవి చేయవు, చేత్తో సరిచేసుకోవాలి.

సాధన ఎలా చేయాలంటే, ఒక నోటుపుస్తకంలో ప్రతి క్రియారూపాన్నీ రెండు లైన్లలో రాయండి. పై లైనులో గీతలతో సిలబుల్స్, ఊనిక ఉన్నదాని కింద ఒక అడ్డగీత. కింది లైనులో కూడిక గుర్తులతో భాగాలు, శూన్యం ఉన్న చోట సున్నా. పై లైను రాసే ముందు బయటికి పలకండి, కింది లైను రాసే ముందు అదే క్రియకు తెలుగులో అర్థం చెప్పుకోండి. రోజుకి పది రూపాలు చాలు. సఈసెముస్ (మేము బయటికి వెళ్తే) ఒక్కటి నేను చేసి చూపిస్తాను: పైన స-ఈస్-సె-ముస్, కింద స+ఈ+స్సె+ముస్, ఊనిక ఈ మీద, రాతలో దాని మీద గీత. ఇంతెహోంపెరీఅముస్ (మేము ఆపేవాళ్ళమే), పెర్దోఉ, కంతారిస్, అత్రఈ-లు (దాన్ని ఆకర్షించడం), ఈ నాలుగూ మీరు చేసి కింద పెట్టండి. చివరిదాంట్లో ఐ మీద గీత ఉండాలా వద్దా అన్నది కూడా రాయండి, పర్చీ-లుకి లేదని పైన చెప్పాను కానీ ఇక్కడ ఐ ముందు ఇంకో అచ్చు ఉంది.